పడవ అమ్మే ముందు ఈ పాలిష్ కిట్ కొనాలా? నా కాటలినా 22 మీద వాడి చూశా

నమస్తే అండి. వెనకాల ట్రైలర్ మీద ఉన్న తెరచాప పడవ నా కాటలినా 22, 1984 మోడల్. నాది అంటున్నా గానీ, నిన్నే అమ్ముడైపోయింది.

ముందే చెప్పేస్తా, ఈ పాలిష్ కిట్ కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. "అమ్మకానికి పెట్టిన పాత పడవ మీద వాడి చూపించండి" అన్నారు. నేనూ అమ్మే పనిలోనే ఉన్నా, సరే అన్నా. డబ్బాలో ఏముందో, ఎన్ని ఔన్సులో ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. మళ్లీ విప్పి చూపించను.

పని చేస్తుందా అంటే, చేస్తుంది. ఇటు చూడండి, ఇది రుద్దని చోటు. వేలితో రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు తెల్లపొడి. టెక్సస్ ఎండకి జెల్‌కోట్, అంటే పడవ పైపూత, ఇలాగే అయిపోతుంది. ఇప్పుడు ఇటు చూడండి, నా మొహం కనిపిస్తోంది. కాకపోతే దీనికి రెండు శనివారాలు పోయాయి, కుడి భుజం ఇంకా పూర్తిగా పైకి లేవట్లేదు. ఇంకో మాట, డెక్ మీద కాలు జారకుండా గరుకుగా ఉంటుందే, అక్కడ ఇది రాయకండి. ఆ మాట డబ్బా మీద చీమతలకాయంత అక్షరాల్లో వేశారు, నేను చదవలేదు. మా ఆవిడ కూలర్‌తో సహా జర్రున జారింది. దెబ్బ తగల్లేదు గానీ వారం రోజులు వింటూనే ఉన్నా.

అసలు తమాషా వేరే ఉంది. ఇదిగో, రెయిలింగ్ కాళ్ల మొదట్లో సన్న పగుళ్లు. ఇన్నేళ్లూ ఆ పాలిపోయిన తెలుపులో కలిసిపోయేవి. ఇప్పుడు పాలిష్ మురికి వాటిల్లో దూరి, పెన్సిల్‌తో గీసినట్టు కనిపిస్తున్నాయి. లోపాలు దాచుదామని రుద్దితే బయటపెట్టింది!

కొనడానికి వచ్చిన కుర్రాడు మనవాడే, హ్యూస్టన్ పక్కన కేటీ అనే ఊరి నుంచి వచ్చాడు. మెరుపు వంక చూడనైనా చూడలేదు. తిన్నగా లోపలికి దిగి, మెట్టు తీసేసి, మోకాళ్ల మీద కూర్చుని "అన్నా, కీల్ వైరు ఎప్పుడు మార్చారు?" అన్నాడు. ఇతను కొనేవాడే అని అప్పుడే అనుకున్నా.

ఈ పడవంటే నాకు ఆ కీలే అండి, అడుగున నీళ్లలోకి దిగే రెక్క. ఫ్రాంక్ బట్లర్ డిజైన్ ఇది, 15,000కి పైగా తయారయ్యాయి. ఇందులో కీల్ అంటే 550 పౌండ్ల పోత ఇనుము. మడతకత్తిలా ఒక పిన్ను మీద తిరుగుతుంది. దించితే ఐదడుగుల నీళ్లు కావాలి, ఎత్తేస్తే రెండడుగులు చాలు. మన గాల్వెస్టన్ బేలో చాలాచోట్ల పదడుగుల లోతు కూడా ఉండదు కాబట్టి ఇది ప్రాణం. అంత బరువునీ మోసేది ఒకే ఒక్క స్టీలు వైరు, తిప్పే హ్యాండిలు ఇదిగో, మెట్టు వెనకాల. ఇంతకుముందు నా దగ్గర సన్‌ఫిష్ అనే చిన్న తెరచాప పడవ ఉండేది. దానికి కీల్ బదులు ఉండే బోర్డు చేత్తో పైకి లాగేస్తే అయిపోయేది. ఆ అలవాటుతో మొదటి ఏడాది కీల్ బిగించే బోల్టు వదులు చెయ్యకుండానే హ్యాండిల్ బలంగా తిప్పేశా. టక్‌మని ఒక పోగు తెగింది. దాన్ని చేత్తో తడిమా, తెలివితక్కువ పని. తెగిన తీగ సూదిలా అరచేతిలో దిగింది, మచ్చ ఇదిగో. వైరు మొత్తం తెగితే ఆ ఇనుము ఎంత జోరుగా కిందికి పడుతుందో ఊహించుకోండి, పడవ అడుగే పగలొచ్చు. మర్నాడే కొత్త వైరు వేయించా.

ఒక్క నిమిషం, ఇది వినండి. పోయిన మార్చిలో బే ఒడ్డున కీమా అనే ఊరి దగ్గర తీసిన వీడియో. మ్‌మ్‌మ్... వినిపిస్తోందా? నాలుగైదు నాట్ల వేగం దాటగానే నీళ్లలో ఆ వైరు తంబూరాలా మోగుతుంది. చాలామందికి చిరాకు, రబ్బరు ముక్కలు కట్టి ఆపుతారు. నేను ఆపలేదు. అది మోగితే తెరచాప సరిగ్గా పట్టినట్టు, మీటరు చూడక్కర్లేదు.

ట్రైలర్ మీద కీల్ దించలేం కదా, అందుకని నిన్న నీళ్లలోకి దింపి చూపించా. కుర్రాడు తనే తిప్పి చూసుకున్నాడు. వాళ్లావిడ మాత్రం "అన్నయ్యా, వాష్‌రూమ్‌కి తలుపేదీ?" అంది. తలుపు లేదమ్మా, తెర ఒక్కటే!

కాగితాల సంగతి. టెక్సస్‌లో పడవ టైటిల్, అంటే అది మనదని చెప్పే కాగితం, వేరు, వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు టైటిల్ వేరు. రెండూ రాష్ట్ర పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖవాళ్ల దగ్గరే. ట్రైలర్‌కి మాత్రం కౌంటీ ట్యాక్స్ ఆఫీసు. నాకు అమ్మినాయన మోటారు కాగితం ఇవ్వలేదు, దానికోసం నాలుగు నెలలు తిరిగా. అందుకే ఇతన్ని మోటారు మీద నంబరు, కాగితం మీద నంబరు పక్కపక్కన పెట్టి చూసుకోమన్నా.

3,800 డాలర్లు అడిగా, 3,300కి తెగింది. ఆ 500 తగ్గింది ఎందుకనుకున్నారు? పగుళ్లు చూపించి తగ్గించాడు! కిట్ ఫొటోలకి పనికొచ్చింది, కాదనను. అయినా సరే నేనైతే కొనను. ఆ డబ్బులు వైరుకి పెట్టండి.

అర సీసా మిగిలింది. పడవతో పాటు అదీ ఇచ్చేద్దామని లోపల పెట్టాను. గరుకు చోట రాయొద్దని సీసా మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాశా. ఉంటానండి.