జుట్టు నాటించుకోవాలా? ఆ మాట అమ్మాయివాళ్లకు చెప్పాలా?

వాసు: రికార్డ్ అవుతోందా? సరే, నమస్కారం అందరికీ. ఈ వారం హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. ఎవరు చేయించుకోవచ్చు, ఎవరు ఆగాలి. లావణ్య నోట్స్ రాసుకొచ్చింది.

లావణ్య: రాసుకొచ్చాను. వాసన్నా, ముందే చెబుతున్నా, బోరు నీళ్ల మాట ఎత్తొద్దు.

వాసు: ఎత్తకుండా ఎలా? నిజాంపేట వెళ్లి ఆ బోరు నీళ్లు పోసుకున్నాకే కదా నాకు జుట్టు...

లావణ్య: తర్వాత. ముందు ఒకటి తేల్చుకోవాలి, రాలుతున్నది ఏ రకం అని. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్, కాన్పు... వీటిలో ఏదైనా అయ్యాక రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు ఊడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే తిరిగి వస్తుంది. పేనుకొరుకుడు ఇంకోటి. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన వ్యవస్థే కుదుళ్ల మీద పడుతుంది, గుండ్రంగా ఒకచోట ఊడిపోతుంది. ఈ రెండింటికీ నాటడం వైద్యం కాదు. ఆడవాళ్లకు పాపిట దగ్గర పలచబడితే ముందు థైరాయిడ్, ఐరన్ చూపించుకోవాలి.

వాసు: మరి మా బట్టతల?

లావణ్య: అది డీహెచ్‌టీ అనే హార్మోన్ పని. నుదుటి దగ్గర, నడినెత్తిన ఉండే కుదుళ్లు దానికి తట్టుకోలేక ఏటికేడు సన్నబడిపోతాయి. తల వెనక, చెవుల పైన ఉండేవి తట్టుకుంటాయి. అక్కణ్నుంచి తీసి ముందు పెట్టినా వాటి గుణం మారదు. న్యూయార్క్‌లో ఓరెంట్రైక్ అనే చర్మవైద్యుడు 1959లో రాసింది ఇదే. ఈ సర్జరీ అంతా దానిమీదే నిలబడింది.

వాసు: అంటే కొత్త జుట్టు పుట్టదు. ఇది మనవాళ్లకు ఎవరూ చెప్పరు. నాటు వేయడమే, కాకపోతే ఈ నారుమడిలో ఒకసారి పీకినచోట మళ్లీ నారు మొలవదు. చాలామందికి జీవితం మొత్తానికి ఐదారు వేల గ్రాఫ్ట్‌లు, అంటే నాటడానికి తీసే కుదుళ్లు, దొరికితే గొప్ప. ఎక్కువ లాగితే వెనకభాగం పలచబడి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

లావణ్య: నాకు భయం వేసింది అందుకే. మా తమ్ముడితో ఒక క్లినిక్‌కి వెళ్లాను. పేరు వద్దు. డాక్టర్ లేడు, కౌన్సెలర్ అన్న అమ్మాయి వచ్చింది. మార్కర్ తీసుకుని వాడి నుదుటిమీద గీత గీసింది. కనుబొమ్మలకు మూడు వేళ్ల పైన! పదో తరగతిలో కూడా వాడి జుట్టు అంత కిందికి లేదు. అద్దం చేతికిచ్చి, "మూడున్నర వేల గ్రాఫ్ట్‌లు సార్, ఈరోజే బుక్ చేస్తే తగ్గిస్తాం" అంది. నాన్నకు ఎప్పుడు ఊడిందని అడగలేదు. మందులేమైనా వాడావా అనీ అడగలేదు.

వాసు: వాడికి ఎన్నేళ్లు?

లావణ్య: ఇరవై ఆరు. నాన్నకు ముప్పై దాటకముందే పైనంతా పోయింది.

వాసు: అయితే వద్దు. ఇప్పుడే మూడున్నర వేలు ముందు పెట్టేస్తే, నలభై ఏళ్లకు నడినెత్తి ఖాళీ అయ్యాక ఏం పెడతారు? ముందు గీత, వెనక బోడి. నీళ్ల సంగతి చూసుకున్నారా?

లావణ్య: నీళ్లు కాదు వాసన్నా! ఉప్పు నీళ్లకు జుట్టు బిరుసెక్కుతుంది, తెగుతుంది. కుదురు చావదు. వాడికి సంబంధాలు చూస్తున్నారు, టెన్షన్ అదీ. ఫొటో పంపాక రెండు చోట్ల మళ్లీ ఫోన్ రాలేదు.

వాసు: పెళ్లి చూపుల కోసం తలమీద సర్జరీయా? జుట్టు చూసి వద్దనే సంబంధం పోతే పోయింది.

లావణ్య: మీకు పెళ్లై పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. మీరు తేలిగ్గానే అంటారు.

వాసు: తేలిగ్గా అనడం లేదు. సరే, చేయించుకున్నాడనుకో. అమ్మాయివాళ్లకు చెబుతారా?

లావణ్య: ఎందుకు చెప్పాలి? పళ్లకు క్లిప్పులు పెట్టించుకున్నామని చెబుతున్నామా? కళ్లకు లేజర్ చేయించుకుని అద్దాలు తీసేసిన అమ్మాయిలు చెబుతున్నారా?

వాసు: అవి అక్కడితో అయిపోతాయి. ఇది అవ్వదు. నాటిన జుట్టు ఉంటుంది, దాని మధ్యలో ఉన్న పాత జుట్టు ఊడుతూనే ఉంటుంది. అది ఆగాలంటే ఫినాస్టరైడ్ మాత్ర, రోజూ, ఏళ్లతరబడి. మానేస్తే ఏడాదిలోపే నిలిచింది కాస్తా పోతుంది. కొద్దిమందికి ఆ మాత్రతో కోరిక తగ్గుతుంది, అంగస్తంభన ఇబ్బంది వస్తుంది. చాలామందికి ఆపేస్తే సర్దుకుంటుంది, ఆపాక కూడా ఉందనేవాళ్లున్నారు. పెళ్లైన కొత్తలో ఆ పిల్ల తనలోనే ఏదో లోపం ఉందనుకుంటే? కడుపుతో ఉన్నప్పుడు విరిగిన మాత్ర చేత్తో పట్టుకోకూడదు, మగబిడ్డైతే ప్రమాదం. ఇవన్నీ ఆవిడకు తెలియక్కర్లేదా?

లావణ్య: ...తెలియాలి.

వాసు: మరి?

లావణ్య: ఆ అమ్మాయికి తెలియాలి. మధ్యవర్తికి, పెదనాన్నకు, ఫంక్షన్ హాల్లో కూర్చున్న యాభైమందికీ కాదు. వాడు నోరు విప్పి ఒక మనిషికి చెబితే సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది.

వాసు: ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు చెప్పమను. అరగంట ఇస్తారుగా.

లావణ్య: ఆ అరగంటలో జీతం, అమెరికా, వంట వచ్చా... ఇది ఎక్కడ పడుతుంది?

వాసు: పట్టేలా చూసుకోవాలి. దాచి మొదలుపెట్టకూడదమ్మా, నేను దీనిమీద తగ్గను.

లావణ్య: తగ్గొద్దు. కానీ వాసన్నా, వాడు ఇంట్లో కూడా టోపీ తీయడం లేదు. గృహప్రవేశంలో ఫొటోగ్రాఫర్ స్టూలెక్కితే వాడు పక్క గదిలోకి వెళ్లిపోయాడు, పైనుంచి తీస్తే నడినెత్తి కనిపిస్తుందని. జుట్టు చూడకండి, మనసు చూడండి అని నేను ఎవరికి చెప్పను?

వాసు: ఆ సంగతి నాకు తెలియదు. పోనీ, వాణ్ని మంచి డెర్మటాలజిస్ట్‌కి చూపించు. ఒక ఏడాది మందులు వాడమను, తలకు రాసే మినాక్సిడిల్, మాత్ర, డాక్టర్ ఏది రాస్తే అది. మూడు నెలలకోసారి అదే లైటు కింద, అదే చోట ఫొటో తీయండి. ఊడటం నిలిచిందని తేలాక అప్పుడు నాటించుకోవచ్చు. నేను వద్దనడం లేదు, ఇప్పుడు వద్దంటున్నా.

లావణ్య: ఏడాది అంటే ఈ మాఘమాసం ముహూర్తాలు పోయినట్టే. అయినా ఇప్పుడు చేయించినా ఉపయోగం లేదులెండి. నాటిన వెంట్రుకలు నెలలోపే రాలిపోతాయి, కుదురు మాత్రం లోపల ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక, పూర్తిగా కనిపించడానికి ఏడాది.

వాసు: అది తెలియక రెండో నెలలో క్లినిక్ మీద గొడవకు వెళ్తారు.

లావణ్య: అసలు టాపిక్ మిగిలిపోయింది, గబగబా చెప్పేస్తా. ఎఫ్‌యూటీ అంటే వెనక నుంచి చర్మం పట్టీలా కోసి తీస్తారు, గీత మచ్చ ఉంటుంది. ఎఫ్‌యూఈ అంటే మిల్లీమీటర్ కూడా లేని పంచ్ అనే గుండ్రటి పరికరంతో ఒక్కో కుదురూ తీస్తారు. గ్రాఫ్ట్ వేరు, వెంట్రుక వేరు, ఒక గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, రేటు దేనికి చెబుతున్నారో అడగండి. పంచ్ ఎవరు పట్టుకుంటారో అడగండి. డాక్టర్ గీత గీసి వెళ్లిపోతే ఒప్పుకోవద్దు. శిక్షణ ఉన్న ప్లాస్టిక్ సర్జనో డెర్మటాలజిస్టో చేయాలి, యూట్యూబ్‌లో, వర్క్‌షాపుల్లో చూసి నేర్చుకున్నది చాలదని డాక్టర్లకు నియమాలు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది.

వాసు: షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. ఒక శ్రోత అడిగారు, తిరుమల మొక్కు ఉందట. నాటించుకున్నాక తలనీలాలు ఇవ్వొచ్చా అని.

లావణ్య: ఇవ్వొచ్చు. కుదురు చర్మం లోపల ఉంటుంది, కత్తి పైన ఉన్నదే తీస్తుంది. జుట్టు పూర్తిగా వచ్చేదాకా, అంటే ఏడాది ఆగి, డాక్టర్‌ని అడిగి కల్యాణకట్టకు వెళ్లండి. పట్టీ పద్ధతిలో చేయించుకుంటే గుండులో ఆ గీత కనిపిస్తుంది. ఇంకోటి, గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది నిజం కాదు.

వాసు: మా అమ్మ వింటోంది ఇది.

లావణ్య: అత్తయ్యా, నిజంగానే కాదు. మొదలు మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే.

వాసు: కానీ కొండమీద నీళ్లు చూడు, ఎంత మెత్తగా...

లావణ్య: వాసన్నా!

వాసు: సరే. ఇంకో ప్రశ్న ఉంది, గడ్డం వెంట్రుకలు తీసి తలమీద నాటుతారా అని.

లావణ్య: నాటుతారు, వెనక జుట్టు సరిపోనప్పుడు. కాకపోతే అవి మందంగా ఉంటాయి కాబట్టి ముందు వరసలో పెట్టరు, నడినెత్తిన మిగతా వాటితో కలిపి... ఆగండి, తమ్ముడు ఫోన్ చేస్తున్నాడు.

వాసు: స్పీకర్‌లో పెట్టు, నేను మాట్లాడతా.

లావణ్య: మైకులు ఆన్‌లో ఉన్నాయి. కట్ చేయండి, కట్ చేయండి.