దసరా సెలవుల పని, దోస్తుకు ఇచ్చే కానుక

హోస్ట్: అందరికీ నమస్కారం. బతుకమ్మ, దసరా సెలవులు దగ్గర పడ్డాయి. బడి వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే హాలిడే ప్రాజెక్టుల లిస్టులు తిరుగుతున్నాయి. నా బిడ్డ మూడో తరగతి, మాకూ ఒకటి వచ్చింది. అందుకే ఈసారి మా చిన్నమ్మను పిలిచాను. హనుమకొండ దగ్గర ఒక పల్లెలో సర్కారు ప్రాథమిక పాఠశాల టీచర్. చిన్నమ్మా, నమస్తే.

చిన్నమ్మ: నమస్తే బిడ్డా. వింటున్న అమ్మానాన్నలకు, తోటి టీచర్లకు కూడా నమస్తే.

హోస్ట్: లిస్టు నీకు పంపాను కదా, చూశావా?

చిన్నమ్మ: చూశాను. థర్మాకోల్‌తో వేయిస్తంభాల గుడి చేయాలని మొదటిది. ఎనిమిదేళ్ల పిల్ల థర్మాకోల్ కోయగలదా? నాన్న కోస్తాడు, అమ్మ అంటిస్తుంది, పిల్ల పక్కన కూర్చుని చూస్తుంది. రెండోది జాతీయ నాయకుల చార్టు. నెట్ సెంటర్‌కు పోయి బొమ్మలు ప్రింట్ తీసుకొచ్చి అతికిస్తారు. బడి తెరిచాక క్లాసులో ముప్పై చార్టులు ఒకేలా ఉంటాయి. "ఇదేంటమ్మా?" అని అడిగితే పిల్ల మన ముఖం చూస్తుంది. ఆ పిల్ల తప్పేం లేదు. ఆ పని ఆమెది కాదు, అంతే.

హోస్ట్: మరి నువ్వు ఏ పని ఇస్తావు?

చిన్నమ్మ: ఇచ్చే ముందు రెండు చూసుకుంటాను. పిల్ల చేతులతో పిల్లే చేయగలగాలి. దుకాణానికి పోకుండా ఇంట్లో, వాడలో దొరికే వాటితో అయిపోవాలి. మా పిల్లల ఇళ్లల్లో సెలవుల టైమంటే పత్తి ఏరే టైం కూడా. తల్లిదండ్రులు పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తారు. వాళ్లను కలర్ ప్రింట్ తెమ్మని నేనెట్లా అడుగుతాను?

హోస్ట్: నువ్వు ఎప్పుడూ చెప్పే పూల నోటుబుక్కు గురించి చెప్పు.

చిన్నమ్మ: అది నాకు చాలా ఇష్టమైన పని. పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు తీసి, కుట్టి, ఒక చిన్న పుస్తకం చేస్తాం. బతుకమ్మ తొమ్మిది రోజులు కదా, రోజుకో పేజీ. పైన ఆ రోజు పేరు రాయాలి. ఎంగిలిపూల బతుకమ్మ, అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, అట్ల, అలిగిన బతుకమ్మ, వేపకాయల, వెన్నముద్దల, ఆఖరికి సద్దుల బతుకమ్మ. ఈ పేర్లు పిల్లలు పుస్తకం చూసి కాదు, ఇంట్లో అడిగి రాసుకోవాలి. "అలిగిన రోజు బతుకమ్మను ఎందుకు ఆడరు?" అని అమ్మమ్మను అడిగితే ఒక కథ వస్తుంది. పక్కింటి అమ్మమ్మ ఇంకోలా చెబుతుంది. రెండూ రాసుకు రమ్మంటాను.

హోస్ట్: పేర్ల కింద?

చిన్నమ్మ: ఆ రోజు దొరికిన ఒక పువ్వు. దాని పేరు, ఎక్కడ పూసింది, ఎవరు తెంపారు. చెరువు గట్టునా, బీడులోనా, ఇంటి ముందా? తంగేడు మన రాష్ట్ర పుష్పం అని పుస్తకంలో చదివిన పిల్ల, తంగేడు చెట్టు దగ్గర నిలబడి దానికి ఎన్ని రెక్కలో లెక్కపెడితే ఆ చదువు వేరు. గునుగు ఉంది, అది చేలల్లో కలుపు మొక్క. రైతు పీకి పారేస్తాడు, పండగకు మాత్రం వెతికి తెస్తాడు. అది ఎందుకని పిల్లలే అడుగుతారు, మనం అడగక్కర్లేదు.

హోస్ట్: పువ్వులు పేజీల్లో పెడితే బూజు పట్టవా? మా ఇంట్లో అట్లే అయింది.

చిన్నమ్మ: తడి ఉంటే పడుతుంది. పువ్వును తెంపగానే నేరుగా నోటుబుక్కులో పెట్టొద్దు. ముందు పాత పేపర్ మడతల మధ్య పెట్టి, పైన బియ్యం డబ్బా లాంటి బరువు పెట్టాలి. మొదట్లో రోజూ ఆ పేపర్ మార్చాలి, ఎందుకంటే నీరంతా పేపరే పీల్చుకుంటుంది. వారం పది రోజులకు పువ్వు కాగితంలా అవుతుంది, అప్పుడు అతికించాలి. తంగేడు, కట్లపూలు బాగా ఆరతాయి. బంతి, చామంతి మందంగా ఉంటాయి కాబట్టి రెక్కలు విడదీసి ఆరబెట్టాలి. గునుగుకు ఈ తంటా లేదు, దానంతటదే ఎండుతుంది.

హోస్ట్: ఒకటో తరగతి పిల్లలు ఇదంతా రాయగలరా?

చిన్నమ్మ: వాళ్లు బొమ్మ గీస్తే చాలు, పేరు పెద్దవాళ్లు రాసివ్వొచ్చు. మూడు నుంచి ఐదు వాళ్లు నాలుగు వాక్యాలు రాస్తారు. లెక్కలు కూడా ఇందులోనే వస్తాయి. మీ బతుకమ్మ ఎన్ని వరుసలు? కింది వరుసకు ఎన్ని పూలు పట్టాయి, పై వరుసకు ఎన్ని? కింద ఎందుకు ఎక్కువ? తాంబాళంలో పేర్చేటప్పుడు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంటే ఇవన్నీ కళ్ల ముందే కనిపిస్తాయి.

హోస్ట్: ఒక మాట అడగాలి. నా బిడ్డ క్లాసులో బతుకమ్మ చేయని ఇళ్ల పిల్లలు కూడా ఉన్నారు.

చిన్నమ్మ: నా క్లాసులోనూ ఉన్నారు. వాళ్లను పక్కన పెట్టే ప్రాజెక్టు నేను ఇవ్వను. వాళ్లకు అదే పుస్తకం, అవే తొమ్మిది పేజీలు. "మీ ఇంటి చుట్టూ ఇప్పుడు ఏం పూస్తున్నాయి? మీ ఇంట్లో పండగకు, పెళ్లికి ఏ పూలు తెస్తారు?" అని అడుగుతాను. ఒక ముస్లిం పిల్ల సెహ్రా గురించి, అంటే పెళ్లిలో ముఖం ముందు వేలాడే పూల సరాల గురించి, పేజీ నిండా రాసుకొచ్చింది. మల్లె, గులాబీ ఎట్లా గుచ్చుతారో బొమ్మ వేసింది. క్లాసంతా ఆ పుస్తకం చుట్టూ మూగింది. చేలకు పోయే పిల్లలైతే పత్తి పేజీ చేస్తారు. ఒక పత్తి కాయను విప్పి లోపల ఎన్ని గదులు, ఒక్కో గదిలో ఎన్ని గింజలు అని లెక్కపెట్టి రాస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి లోపల ఏముందో వాళ్లే మాకు పాఠం చెబుతారు.

హోస్ట్: ఇప్పుడు కానుకల సంగతికి వద్దాం. నాకు అసలు టెన్షన్ అదే. మా బడిలో సెలవుల తర్వాత గిఫ్ట్ ఎక్స్చేంజ్ పెట్టారు. వంద రూపాయల లోపు కొని తేవాలట.

చిన్నమ్మ: వంద అంటారు. ఒకరు ఎనభైది తెస్తారు, ఒకరు మూడొందలది తెస్తారు. మూడొందలది ఎవరికి వచ్చిందో క్లాసంతటికీ తెలుస్తుంది. తేలేని పిల్ల ఆ రోజు కడుపు నొప్పి అని బడికి రాదు. ఇది నా కళ్లతో చూసిన విషయం, అందుకే గట్టిగా చెబుతున్నాను. ప్రాథమిక తరగతుల్లో కొన్న కానుక వద్దు. పుట్టినరోజుకైనా, బాలల దినోత్సవానికైనా వద్దు.

హోస్ట్: ఏం ఇవ్వాలి మరి?

చిన్నమ్మ: మనకు పద్ధతి ఉంది కదా బిడ్డా. దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి "బంగారం" అని చేతిలో పెడతాం. పెద్దల కాళ్లు మొక్కుతాం, దోస్తులతో అలాయ్ బలాయ్ తీసుకుంటాం. పటేలు ఇచ్చినా, పాలేరు ఇచ్చినా అదే ఆకు. ఎవరిదీ పెద్దది కాదు, ఎవరిదీ చిన్నది కాదు. పిల్లలకు దీనికన్నా మంచి కానుక పద్ధతి నేను చూపలేను. బడి తెరిచిన మొదటి రోజు మా క్లాసులో ప్రతి పిల్ల ప్రతి పిల్లకూ జమ్మి ఆకు ఇస్తుంది. కొట్లాడుకున్న వాళ్లు కూడా ఇచ్చుకోవాల్సిందే. ఒక్కటే జాగ్రత్త, కొమ్మలు విరవొద్దు, రాలిన రెమ్మలు చాలు. మన రాష్ట్ర వృక్షం అది.

హోస్ట్: ఆకుతో ఆగుతారా పిల్లలు? చేతికి ఒక వస్తువు రావాలని ఉంటుంది కదా.

చిన్నమ్మ: ఉంటుంది, ఉండాలి కూడా. అందుకే చిట్టీలు వేస్తాం. సెలవులు ఇచ్చే రోజే అందరి పేర్లూ రాసి డబ్బాలో వేసి, ఒక్కొక్కరు ఒక చిట్టీ తీస్తారు. ఎవరి పేరు వచ్చిందో చెప్పొద్దు. సెలవులంతా ఆ దోస్తు కోసం ఒక వస్తువు చేతితో చేయాలి. "నీ చిట్టీలో ఉన్న పిల్లకు ఏది ఇష్టమో నీకు తెలుసా?" అని అడిగితే సగం మందికి తెలియదు. తెలుసుకోవడానికి వాళ్ల ఇంటి వైపు ఆటకు పోతారు. నాకు కావాల్సింది అదే.

హోస్ట్: ఏం చేయొచ్చో చెప్పు, ఇంట్లో చేయించడానికి పనికొస్తుంది.

చిన్నమ్మ: నేతతో మొదలుపెడతాను. వరంగల్ పిల్లలకు నేత రాకపోతే ఎట్లా? కొత్తవాడలో నేసే దర్రీలు, మన పెద్దవాళ్లు జంపఖానాలు అంటారు, వాటికి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఈ ఊరి నేతదే అని చెప్పే సర్కారు గుర్తింపు. పోస్టుకార్డు అంత గట్టి అట్ట తీసుకో. పై అంచున, కింది అంచున అర సెంటీమీటరుకు ఒకటి చొప్పున చిన్న గాట్లు పెట్టు. ఆ గాట్లలోంచి పైకీ కిందికీ దారం గట్టిగా చుట్టు. అది పడుగు. ఇప్పుడు పాత చీర అంచునో ఊలు దారాన్నో మొన లేని పెద్ద సూదికి ఎక్కించి, ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పోనివ్వాలి. అది పేక. తర్వాతి వరుసలో తిరగెయ్యాలి, ముందు పైనుంచి పోయినచోట ఈసారి కిందనుంచి. ప్రతి వరుసనూ దువ్వెనతో కిందికి నొక్కాలి. అయిపోయాక అట్ట మీది నుంచి తీసి చివర్లు ముడివేస్తే పుస్తకంలో పెట్టుకునే గుర్తు తయారు.

హోస్ట్: మూడో తరగతి పిల్లకు ఓపిక ఉంటుందా?

చిన్నమ్మ: మొదటి నాలుగు వరుసలు విసుక్కుంటుంది. రంగు మారి గీత కనిపించగానే ఇక లేవదు. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు దారాన్ని మరీ లాగడం. అప్పుడు నడుమ సన్నబడుతుంది. సన్నబడినా పర్వాలేదు, విప్పించొద్దు. అది ఆ పిల్ల చేసిన వస్తువు.

హోస్ట్: కొత్తవాడలో నేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే చూపిస్తారా?

చిన్నమ్మ: మర్యాదగా అడిగితే చూపిస్తారు. కానీ పని నడిచే టైమది, వాళ్ల రోజు కూలి పోకుండా చూసుకో. ఒక చిన్న దర్రీ కొనుక్కుని రా, ఇంటికి పనికొస్తుంది.

హోస్ట్: మాస్కులు కూడా చేయిస్తావని విన్నాను.

చిన్నమ్మ: అవి నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు. చేర్యాలలో పటాలు, బొమ్మలు చేసే నకాషీ కళాకారులు కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి ముద్ద చేసి, ముఖాలు తీర్చి, రంగులు వేస్తారు. మనం పేపర్ ముక్కలు, మైదా అంబలితో చేస్తాం. అంబలి కాచేది మాత్రం పెద్దవాళ్లే. పొరకు, పొరకు మధ్య బాగా ఆరాలి, ఇదొక్కటే కష్టం. ముసురు పట్టిన రోజుల్లో మొదలుపెట్టొద్దు.

హోస్ట్: టీచర్లకు ఇచ్చే గిఫ్టుల మాటేంటి? మా గ్రూపులో ఇంటికింత అని వసూలు చేస్తున్నారు.

చిన్నమ్మ: ఆపేయమని చెప్పు బిడ్డా. అడగడానికి మొహమాటంగా ఉంటే నా పేరు చెప్పు. ఆ గ్రూపులో పైసలు కట్టలేదని ఒక తల్లి పేరు అందరికీ కనిపిస్తుంది, ఆమె ఆ నెల ఎట్లా గడుపుతోందో ఎవరికీ తెలియదు. మాకు చీరలు, గడియారాలు అక్కర్లేదు. నా బీరువాలో నేను దాచుకున్నవి పిల్లలు రాసిన ఉత్తరాలు. "టీచర్, నాకు తీసివేతలు వచ్చాయి" అని ఒకటుంది. దానికన్నా నాకేం కావాలి?

హోస్ట్: క్లాసంతా కలిసి ఎవరికైనా ఇవ్వాలంటే?

చిన్నమ్మ: మధ్యాహ్న భోజనం వండే అక్కలకు. రోజూ పిల్లల కడుపు నింపేది వాళ్లు, టీచర్స్ డే నాడు వాళ్ల పేరు ఎవరూ ఎత్తరు. చేర్యాల పటంలో కథంతా గళ్లు గళ్లుగా వేసి, విప్పుకుంటూ చెబుతారు కదా, అట్లా పాత క్యాలెండర్ కాగితాల వెనక వైపులు అతికించి పొడుగు చుట్ట చేస్తాం. పొయ్యి అంటించడం నుంచి పళ్లేలు కడగడం దాకా, గడికి ఒక బొమ్మ. ఎర్రరంగు వెనకాల నింపితే చేర్యాల కళ వస్తుంది. ఒక్కో గడి ఒక్కో పిల్లది. దాన్ని వంటగది గోడకు కట్టి, ఆ అక్కల ముందు పిల్లలే కథ చెబుతారు.

హోస్ట్: సెలవుల తర్వాత ఇవన్నీ క్లాసులో ఎట్లా పెట్టాలి? మార్కులు, ప్రైజులు ఉంటాయా?

చిన్నమ్మ: ఫస్టు, సెకండు లేవు. రెండు మేకుల మధ్య తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తాం. ప్రతి పిల్లా తనది చూపించి రెండు నిమిషాలు మాట్లాడాలి. మాట్లాడలేకపోతే పక్కన దోస్తు నిలబడతాడు. చేయకుండా వచ్చిన పిల్లలు ఉంటారు, వాళ్లను నిలబెట్టి అడగను. ఆ రోజు క్లాసులోనే కాగితాలు ఇచ్చి కూర్చోబెడతాను, సాయంత్రానికి వాళ్లదీ తాడెక్కుతుంది.

హోస్ట్: నా బిడ్డ అడగమంది. బంతి గింజల పొట్లం ఎట్లా చేయాలట?

చిన్నమ్మ: అది చాలా మంచి కానుక. కానీ బతుకమ్మకు తెంపిన పూలతో కాదు, వాటిలో గింజ ముదరదు. రెండు మూడు పూలను చెట్టు మీదే పూర్తిగా ఎండనివ్వాలి. ఎండాక లాగితే సన్నటి నల్ల గింజలు, కొసకు తెల్లటి కుచ్చుతో ఊడి వస్తాయి. నీడలో ఆరబెట్టి, పాత కాగితంతో పొట్లం కట్టి, పైన పువ్వు రంగు, ఏ ఇంటి చెట్టుదో రాయాలి. ఏ పూలను వదిలేస్తారో ఇప్పుడే ఎర్రదారం కట్టి గుర్తు పెట్టమను. లేకపోతే సద్దుల రోజు పొద్దున్నే ఎవరో ఒకరు వాటిని కూడా తెంపుకుపోతారు.