‘ఇంగ్’ వెనక ఎవరున్నారు?

(తిరుపతిలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

కోచింగుల్లో మీకొక సూత్రం నూరిపోసి ఉంటారు: ప్రిపొజిషన్ (‘వితౌట్’, ‘ఆఫ్టర్’, ‘ఫర్’ లాంటి మాట) తర్వాత క్రియ వస్తే ‘ఇంగ్’ తగిలించు. సూత్రం సరైనదే. కాకపోతే అక్కడ మామూలు నామవాచకం కూడా రావచ్చని మర్చిపోతాం. అందుకే పేపర్లలో ‘హి ఎంటర్డ్ వితౌట్ పర్మిటింగ్’ లాంటి వాక్యాలు కనబడతాయి.

తెలుగులో ‘అనుమతి లేకుండా లోపలికి పోయినాడు’ అంటాం. ‘అనుమతించకుండా లోపలికి పోయినాడు’ అంటే మీరే నవ్వుతారు, పోయినవాడే అనుమతి ఇచ్చేవాడు అయిపోయాడు కదా! ఇంగ్లీషులోనూ ఇదే తంతు. ఇలా ‘ఇంగ్’ తగిలించుకున్న మాటను జెరండ్ అంటారు. అది చేసేది నామవాచకం పనే అయినా లోపల అది క్రియే. దానికో కర్త కావాలి. విడిగా చెప్పకపోతే సాధారణంగా వాక్యంలోని కర్తనే పట్టుకుంటుంది. ‘పర్మిషన్’ మామూలు నామవాచకం, దానికి ఆ గొడవ లేదు; ‘వితౌట్ పర్మిషన్’ అంటే చాలు. ‘ఆఫ్టర్ అరైవింగ్ ఎట్ రేణిగుంట, మై బ్యాగ్ వాజ్ మిస్సింగ్’ అని రాస్తే రైలు దిగింది బ్యాగే! ‘ఐ ఫౌండ్ మై బ్యాగ్ మిస్సింగ్’ అని మార్చండి, టెన్షన్ ఉండదు.

2010లో శ్రీకాళహస్తి రాజగోపురం కూలింది. దాన్ని ‘ది కొలాప్స్ ఆఫ్ ది గోపురం’ అంటాం. ‘ది కొలాప్సింగ్ ఆఫ్ ది గోపురం’ చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. జరిగిపోయిన ఘటనకు సొంత నామవాచకం ఉంటే ఇంగ్లీషు మామూలుగా దానికే మొగ్గుతుంది. మళ్ళీ కట్టే పని గురించైతే ‘రీబిల్డింగ్ ది గోపురం టుక్ ఇయర్స్’. క్రియ కాబట్టి కర్మను నేరుగా తీసుకుంది, ‘ఆఫ్’ అక్కర్లేదు. ముందు ‘ది’ పెట్టారంటే మాత్రం ‘ది రీబిల్డింగ్ ఆఫ్ ది గోపురం’ అనాల్సిందే.

‘త్వరగా నడవడం’ అంటాం, ‘త్వరగా నడక’ అనం. ‘వేగమైన నడక’ అంటాం. ‘డిసైడింగ్ క్విక్లీ’, ‘ఎ క్విక్ డెసిషన్’ తేడా కూడా అదే: మొదటిది లోపల క్రియ, కాబట్టి క్రియావిశేషణం; రెండోది నామవాచకం, కాబట్టి విశేషణం.

‘చూజింగ్’, ‘చాయిస్’ దగ్గర అర్థమే మారిపోతుంది. మొదటిది ఎంచుకునే పని. రెండోది ఎంచుకున్న వస్తువు కూడా కావచ్చు.

ఆఫీసు ఇంగ్లీషుకు నామవాచకాల మోజు ఎక్కువ. ‘ఫర్ ది సబ్మిషన్ ఆఫ్ ది అప్లికేషన్’ అని సాగదీస్తారు. తప్పేం కాదు గానీ, నాకైతే ‘ఫర్ సబ్మిటింగ్ ది అప్లికేషన్’ చాలనిపిస్తుంది.

ఇక మీ ప్రశ్నలు. వెనక బెంచీల నుంచి మొదలుపెడదాం.