గంట కొట్టేవాళ్ళు లేని రోజులు

(ఇంటర్ అయ్యాక వచ్చే నాలుగైదేళ్ళ గురించి ఫోన్-ఇన్ కార్యక్రమం. అతిథి: జూనియర్ కాలేజీలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు పిల్లలకు కౌన్సెలింగ్ ఇస్తున్న మేడమ్. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు తీసేశాం.)

యాంకర్: నమస్కారం. మేడమ్, లైన్లన్నీ నిండిపోయాయి. కాల్స్‌లోకి వెళ్ళే ముందు ఒక్క మాట చెప్తారా?

మేడమ్: ఒక్కటే చెప్తాను. ఫలితాల రోజు టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ అరిచే ర్యాంకుల ప్రకటన ఉంటుంది కదా, కథ అక్కడితో అయిపోయిందనుకుంటాం. నా దగ్గరికి వచ్చే పిల్లల కథలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. సరే, కాల్ తీసుకోండి.

యాంకర్: మిర్యాలగూడ దగ్గర నుంచి ఒక తమ్ముడు. పేరు చెప్పక్కర్లేదు, విషయం చెప్పు.

శ్రోత: నమస్తే మేడమ్. నాకు 22 ఏళ్ళు. బీటెక్ సెకండియర్‌లో అటెండెన్స్ తక్కువై డిటైన్ అయ్యాను, అంటే పై సెమిస్టర్‌కి పంపలేదు. 58 శాతమే వచ్చింది. ఏడాదిన్నర అయింది. ఇంట్లో తెలియదు.

మేడమ్: తెలియదంటే? ఏడాదిన్నరగా నువ్వు రోజూ ఎక్కడికి వెళ్తున్నావు నాన్నా?

శ్రోత: కాలేజీకే అనుకుంటున్నారు మేడమ్. ఏడున్నరకి అమ్మ టిఫిన్ బాక్స్ కట్టి ఇస్తుంది. బస్సెక్కి నల్గొండలో దిగి, ఒక సెల్ రిపేర్ షాపుకి వెళ్తాను. ఐడీ కార్డు తీసి బ్యాగులో పెట్టుకుంటాను. సాయంత్రం మా ఊరి స్టేజీ రాకముందే మళ్ళీ మెడలో వేసుకుంటాను.

(కొద్దిసేపు మౌనం)

మేడమ్: ఆ బాక్సులో అన్నం తినబుద్ధవుతోందా?

శ్రోత: లేదు మేడమ్. షాపులో పిల్లాడికి పెట్టేస్తాను.

మేడమ్: నిద్ర?

శ్రోత: నాలుగింటికే మెలకువ వస్తుంది.

మేడమ్: మొహమాటం లేకుండా అడుగుతాను. చచ్చిపోదామన్న ఆలోచన వస్తోందా?

శ్రోత: అట్ల లేదు మేడమ్. ఎటైనా పారిపోదామనిపిస్తుంది.

మేడమ్: సరే. నువ్వే కాదు, వింటున్న పిల్లలెవరికైనా ఆ ఆలోచన వస్తే, అర్ధరాత్రయినా సరే, 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని ప్రభుత్వ సర్వీసు, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పుడు చెప్పు నాన్నా, ఫీజు కోసమని ఇంట్లో ఏమైనా తీసుకున్నావా?

శ్రోత: 20 వేలు తీసుకున్నాను మేడమ్. ముట్టుకోలేదు. అంటే, ఆరు వేలు ఖర్చయ్యాయి.

మేడమ్: మంచిది, ఆ ఆరు వేలు కూడా చెప్పావు. ఇంటర్ ఎక్కడ చదివావు?

శ్రోత: హైదరాబాద్‌లో రెసిడెన్షియల్ మేడమ్.

మేడమ్: అనుకున్నాను. ఇక్కడ నేను కొంచెం పెద్దవాళ్ళని తిట్టుకోవాలి, అందులో నేనూ ఉన్నాను. రెండేళ్ళపాటు ఐదింటికి గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, స్టడీ అవర్ అయి గంట కొడితే పడుకోవాలి. జేబులో పది రూపాయలుండవు, ఫోనుండదు, ఎప్పుడు స్నానం చేయాలో కూడా పిల్లాడు అనుకోనక్కర్లేదు. ఆ పిల్లాడిని తీసుకెళ్ళి, క్లాసుకి రాకపోతే ఎవరూ అడగని చోట ఒక్కసారిగా వదిలేస్తాం. వాడు మొదటి సెమిస్టరంతా నిద్రపోతాడు. రెండేళ్ళ నిద్ర బాకీ ఉంది మరి! ఎవరూ గంట కొట్టకుండా లేవడం వాడికి మేం నేర్పలేదు. నీ తప్పు లేదనడం లేదు నాన్నా. క్లాసు ఎగ్గొట్టింది నువ్వే. కానీ ఆ తప్పు వయసు రెండు నెలలు. దాచిపెట్టిన వయసు ఏడాదిన్నర. నిన్ను తినేస్తున్నది రెండోది.

శ్రోత: ఇప్పుడేం చేయాలి మేడమ్?

మేడమ్: ఇంటికి వట్టి ఏడుపుతో వెళ్ళకు, కాగితాలతో వెళ్ళు. కాలేజీ ఆఫీసుకి వెళ్ళి మూడు విషయాలు కనుక్కో. తిరిగి చేరాలంటే ఏ సెమిస్టర్‌లో, ఏ రెగ్యులేషన్ కింద, అంటే ఏ బ్యాచ్ నిబంధనల కింద చేర్చుకుంటారు? మారిన సిలబస్‌లో అదనంగా రాయాల్సిన సబ్జెక్టులు ఏవి? ఫీజు ఎంత? డిటైన్ అయిన ఏడాదికి ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని ఊహించుకోకు, అదీ అక్కడే అడుగు. జేఎన్‌టీయూ రూల్ ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65 దాటితే సరైన కారణం చూపించి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకి మినహాయింపు అడగొచ్చు. 58కి ఆ దారి లేదు, కాబట్టి మళ్ళీ చదవడమే. కానీ చేరిన ఏడాది నుంచి ఎనిమిదేళ్ళలో పూర్తి చేయొచ్చు. నీకింకా టైముంది.

శ్రోత: నాకు మళ్ళీ బీటెక్ చదవాలని లేదు మేడమ్.

మేడమ్: అదీ ఒక జవాబే. అయితే డిగ్రీ మానకు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఉంది, ఇంటర్ పాసైనవాళ్ళు చేరొచ్చు, పని చేసుకుంటూ చదవొచ్చు. చేరాలన్నా నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి ఎక్కడున్నాయి?

శ్రోత: కాలేజీలోనే ఉన్నాయి మేడమ్. మొత్తం నాలుగేళ్ళ ఫీజు కడితేనే ఇస్తామంటున్నారు.

మేడమ్: ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. నోటిమాటగా అడక్కు, కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. ఇవ్వకపోతే యూనివర్సిటీకి రాయి. ఇంతకీ ఇంట్లో ముందు ఎవరికి చెప్తావు?

శ్రోత: అమ్మకి.

మేడమ్: రాత్రి అన్నాలయ్యాక చెప్పు. పొద్దున బాక్స్ కట్టేటప్పుడు మాత్రం చెప్పకు. మిగిలిన 14 వేలు చేతిలో పెట్టి చెప్పు. నాన్నకి ఇద్దరూ కలిసి చెప్పండి. అరుస్తారు. అరవనీ.

యాంకర్: తెనాలి నుంచి ఒక అమ్మగారు.

శ్రోత: మా పాప పది పాసైందండీ. డిప్లొమా సీట్ల కోసం పెట్టే పాలిసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. మా ఆడపడుచు ఇంటరే చేర్పించమంటోంది, మా ఆయన డిప్లొమా అంటున్నారు.

మేడమ్: పాప ఏమంటోంది?

శ్రోత: దానికేం తెలుసండీ!

మేడమ్: పక్కనే ఉందా? ఫోన్ ఇవ్వండి ఒకసారి.

పాప: హలో మేడమ్. నాకు డిప్లొమా ఇష్టం. కెమిస్ట్రీ ఉండదని.

మేడమ్: (నవ్వుతూ) డిప్లొమా మొదటి ఏడాదిలోనూ కెమిస్ట్రీ ఉంటుంది తల్లీ. తప్పించుకోలేవు. మూడేళ్ళు డిప్లొమా చేసి, ఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, కాబట్టి దారి మూసుకుపోదు. మీ ఊరికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ పాలిటెక్నిక్‌కి వెళ్ళి వర్క్‌షాపు చూసి రా. అమ్మా, ఇంకొక్క మాట. ఏ కోర్సయినా సరే, అప్లికేషన్ పాపతోనే నింపించండి. బ్యాంకులో చలానా తనతోనే కట్టించండి. తప్పు రాస్తే రాసింది, కొట్టేసి మళ్ళీ రాస్తుంది.

యాంకర్: హైదరాబాద్, అమీర్‌పేట హాస్టల్ నుంచి ఒక అమ్మాయి.

శ్రోత: మాది శ్రీకాకుళం మేడమ్. డిగ్రీ అయ్యాక ఇక్కడ జాబ్ చేస్తున్నాను. నా రూమ్మేట్‌కి లోన్ రాలేదని నా పేరు మీద 32 వేల ఫోన్ ఈఎంఐలో తీసుకుంది. మూడు నెలలు కట్టి హాస్టల్ మారిపోయింది. ఇప్పుడు ఆ లోన్ కంపెనీవాళ్ళు నాకు ఫోన్ చేస్తున్నారు.

మేడమ్: నీ పేరు మీద తీసుకుందా, నువ్వు తీసుకుని తనకి ఇచ్చావా?

శ్రోత: ఓటీపీ నేనే చెప్పాను మేడమ్.

మేడమ్: అయితే అప్పు నీదే తల్లీ. ఫోన్ ఎవరి చేతిలో ఉందో కంపెనీకి అక్కర్లేదు. ఒకవేళ హామీ సంతకం మాత్రమే పెట్టినా పెద్ద తేడా ఉండేది కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, హామీ ఉన్నవాళ్ళ బాధ్యత అప్పు తీసుకున్నవాళ్ళతో సమానం. "ఊరికే సాక్షి సంతకంలాంటిదే" అని చెప్పి ఎంతమంది చేత పెట్టించుకుంటారో!

శ్రోత: కాదంటే ఫ్రెండ్‌షిప్ పోతుందనిపించింది మేడమ్.

మేడమ్: ఇప్పుడు ఉందా? (నవ్వు) వద్దులే, పుండు మీద కారం చల్లను. ఈ నెల వాయిదా నువ్వే కట్టు. అది తప్పితే ఇటు కంపెనీ జరిమానా, అటు బ్యాంకు జరిమానా, రెండూ పడతాయి. అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపించే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, అది పడిపోతే రేపు ఇంటి లోన్‌కి వెళ్ళినప్పుడు నీకే ఇబ్బంది. ఆ అమ్మాయి కట్టిన మూడు నెలల డబ్బులు నీకెలా పంపింది?

శ్రోత: ఫోన్‌పేలో.

మేడమ్: ఆ స్క్రీన్‌షాట్లు దాచు. వాట్సాప్‌లో గొడవపడకుండా, "ఇంకా ఇంత బాకీ ఉంది, ఎప్పుడు ఇస్తావు?" అని మాత్రం రాయి. "ఇస్తాలే" అని ఒక్క ముక్క వచ్చినా అది నీకు ఆధారం. రికవరీవాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ నిబంధన. చేస్తే టైముతో సహా రాసుకుని ముందు ఆ కంపెనీకే ఫిర్యాదు చేయి. వినకపోతే ఆర్‌బీఐ నంబరు 14448 ఉంది. ఇంట్లో చెప్పావా?

శ్రోత: లేదు మేడమ్.

మేడమ్: ఇవాళ అందరూ ఇదే జవాబు! అమ్మకి చెప్పమ్మా. 32 వేల విషయమే కదా. దాస్తే, వచ్చే ఏడు పెళ్ళి మాటలప్పుడు బయటపడి మూడు లక్షల గొడవవుతుంది.

యాంకర్: చివరి కాల్. గాజువాక నుంచి ఒక పెద్దాయన. చెప్పండి సార్.

శ్రోత: నాకు ప్రశ్నేం లేదమ్మా. ఆ మిర్యాలగూడ అబ్బాయి కోసం చేశాను. నేను 1981 మార్చిలో పది రాశాను. అప్పట్లో ఫలితాలు పేపర్లో నంబర్లుగా వేసేవారు. టీకొట్టు దగ్గర పేపరు పరిచి వేలితో వెతుకుతుంటే నా ముందు నంబరుంది, నా తర్వాతిదుంది, నాది లేదు. ఇంగ్లీషు పోయింది. మార్చి పోతే సెప్టెంబర్ అనేవాళ్ళం కదా, సెప్టెంబర్‌లో కట్టి పాసై, ఐటీఐ ఫిట్టర్‌లో చేరాను.

మేడమ్: రెండేళ్ళ కోర్సు కదా సార్ అది?

శ్రోత: అవునమ్మా. మొదటి నెలంతా ఒక ఇనుప ముక్కని ఆకురాయితో రుద్దడమే. మూలమట్టం పెట్టి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు రాకూడదు. నేను తొందరపడి ఎక్కువ రుద్దేశాను, కొలత తగ్గిపోయింది. తిడతారని గ్రీజు దట్టంగా రాసి ఇచ్చేశాను. మా ఇన్‌స్ట్రక్టర్ గారు గుడ్డతో తుడిచి చూసి, కొలత మాటే ఎత్తలేదు. "ఎక్కువుంటే మళ్ళీ రుద్దుకోవచ్చు, తక్కువైతే ఇంకో ముక్క ఇస్తాను. గ్రీజు ఎందుకు రాశావురా?" అన్నారు. 40 ఏళ్ళు దాటింది, ఆయన చేతిలో ఆ గుడ్డ ఇప్పటికీ కనబడుతుంది నాకు.

మేడమ్: కొత్త ముక్క ఇచ్చారా?

శ్రోత: అప్పుడే ఇచ్చారు. అమ్మా, ఆ అబ్బాయి నంబరు ఇస్తారా?

యాంకర్: క్షమించాలి సార్, నంబర్లు ఇవ్వం. ఏమైనా చెప్పాలనుంటే ఇప్పుడే చెప్పండి, వింటూ ఉంటాడు.

శ్రోత: అయితే ఒకటే అడుగుతాను. బాబూ, ఏడాదిన్నర సెల్ షాపులో ఉన్నావు కదా, ఛార్జింగ్ పిన్ మార్చడం వచ్చా? సోల్డరింగ్ నీ చేత్తో చేస్తున్నావా, ఓనరు చేస్తుంటే చూస్తున్నావా? చేత్తో చేస్తుంటే అదీ మీ నాన్నకి చెప్పు. ఇంట్లో పాడైన ఫోను ఒకటి ఉండే ఉంటుంది. ముందు దాన్ని బాగుచేసి...

యాంకర్: సార్, టైమైపోయింది, వార్తలున్నాయి. వచ్చే శనివారం ఇదే సమయానికి కలుద్దాం. మేడమ్, ధన్యవాదాలు.

మేడమ్: ఆయన మాట పూర్తి కానివ్వాల్సింది.