పాదం మీద వేలిగుంట

శ్రోతలకు నమస్కారం.

నెలల తరబడి చిక్కిపోతూ వచ్చిన బిడ్డ ఉన్నట్టుండి బొద్దుగా కనిపిస్తే ఇంట్లో అవ్వ సంబరపడుతుంది, ఒళ్లు చేస్తున్నాడని. అప్పుడు ముందు పాదాలు చూడండమ్మా. రెండు పాదాల మీదా బొటనవేలితో 3 సెకన్లు అదిమి వదలండి. గుంట అలాగే నిలిచిపోతే అది కండ కాదు, నీరు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

పాదాల్లో నీరు లేని బిడ్డకు జబ్బ కొలత చాలు. 6 నెలలు నిండి 5 ఏళ్లలోపు పిల్లలకు ఎడమ చెయ్యి వదులుగా వేలాడనిచ్చి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ అంగన్‌వాడీ టీచరు టేపు చుడతారు. బిగించి లాగకూడదు. 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపమే. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టి నెల రోజులు చూస్తే, ఆ నెలే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆస్పత్రిలో చేర్చాక తల్లులకు మనసొప్పని సంగతి ఒకటుంది. ఎముకలు తేలిన బిడ్డకు కడుపునిండా పెట్టరేమని అడుగుతారు. అడగాల్సిన మాటే. ఆకలికి అలవాటుపడిన గుండె, కాలేయం, మూత్రపిండాలు తమ పని తగ్గించుకుని ఉంటాయి. ఒక్కసారిగా తిండి పడితే ఒంట్లో లవణాల లెక్క తప్పి గుండె ఆగిపోవచ్చు. అందుకే మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పలుచటి పాలు ఇస్తారు. 100 మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలు. నీరు పట్టని 6 కిలోల బిడ్డకు ఒక్కో విడతకు 65 మిల్లీలీటర్లు, రెండు గంటలకోసారి. సీసా వద్దు, గిన్నె, చెంచా చాలు.

రాత్రి విడతలు మాత్రం తప్పకూడదు. నిద్రపోతున్నాడు కదా అని వదిలేస్తే రక్తంలో చక్కెర పడిపోయి, ఒళ్లు చల్లబడి, తెల్లవారుజామున బిడ్డ దక్కకపోవచ్చు. లేపి తాగించండి. తలకు టోపీ పెట్టి, రొమ్ముకు ఆనించి పడుకోబెట్టుకోండి. జ్వరం లేకున్నా డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తారు. జ్వరం తెచ్చుకునే సత్తువ కూడా ఆ ఒంటికి ఉండదు, లోపల ఇన్ఫెక్షన్ దాగి ఉంటుంది. పాలిపోయాడని మీ అంతట మీరు ఐరన్ టానిక్ పోయొద్దు. తొలి వారంలో అది మేలు కన్నా కీడే చేస్తుంది.

నీరు పట్టిన బిడ్డ మొదట బరువు తగ్గుతాడు. అది నీరు దిగిపోవడం, మంచి గుర్తు. ఇక్కడ చిక్కిపోతున్నాడని చాలామంది ఇల్లు చేరేది సరిగ్గా ఆ రోజుల్లోనే. కూలి పోతోందన్న బాధ నిజమే, కానీ దయచేసి ఉండండి.

ఆకలి తిరిగి వచ్చాకే ఎక్కువ బలమున్న తిండి. ఆఫ్రికా దేశాల్లో ఈ దశలో వేరుశనగ ముద్ద పొట్లాలు వాడతారు, 92 గ్రాములకు 500 కిలోకేలరీలు. మన అనంతపురం చేలల్లో పండే చెనక్కాయే దానికి మూలం. ఇంటికొచ్చాక గంజి నీళ్లు వద్దు, చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. మెత్తటి రాగిసంగటిలో పప్పు, చెంచా నూనె, మెత్తగా దంచిన చెనక్కాయ పొడి కలిపి రోజుకు 5, 6 సార్లు పెట్టండి, గుడ్డు కూడా. బూజు పట్టిన కాయ ఒక్కటి కూడా అందులో పడకూడదు, దానిలో కాలేయానికి విషముంటుంది. బెంగళూరుకు వలస పోయేటప్పుడు బిడ్డ కార్డు వెంట తీసుకెళ్లి, అక్కడి అంగన్‌వాడీలో మళ్లీ జబ్బ కొలిపించండి. 12.5 సెంటీమీటర్లు దాటేవరకూ కొలిపిస్తూనే ఉండాలి.