పరుగులతో కొలవలేని కెప్టెన్: యార్క్‌షైర్‌కు చెందిన రోనీ బర్నెట్

[తెరపై: 1959 నాటి యార్క్‌షైర్ జట్టు ఛాయాచిత్రం]

ప్రేక్షకులకు నమస్కారం. 1958లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కౌంటీ తన క్రికెట్ జట్టు పగ్గాలను 39 ఏళ్ల రోనీ బర్నెట్‌కు అప్పగించింది. అప్పటికి ఆయన ఒక్క ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ కూడా ఆడలేదు. ఆయన మాట వినవలసినవారిలోనేమో ఫ్రెడ్ ట్రూమన్, జానీ వార్డిల్, బ్రయాన్ క్లోజ్ వంటి టెస్టు ఆటగాళ్లు ఉన్నారు.

ఇంతటి అనుభవజ్ఞులను కాదని ఆయననే ఎందుకు ఎంచుకున్నారో తెలియాలంటే ఆనాటి ఆచారం తెలియాలి. ఇంగ్లిష్ క్రికెట్‌లో జీతానికి ఆడే ప్రొఫెషనల్, జీతం తీసుకోని అమెచ్యూర్ అనే రెండు తరగతులు ఉండేవి. చాలా మైదానాల్లో ఒకప్పుడు వీరికి డ్రెస్సింగ్ గదులు కూడా వేరు. 1883లో అమెచ్యూర్ అయిన లార్డ్ హాక్ పగ్గాలు చేపట్టిన నాటి నుంచి యార్క్‌షైర్‌లో కెప్టెన్సీ అమెచ్యూర్లదే అన్న పద్ధతి పాతుకుపోయింది. పొట్టకూటి కోసం ఆడేవాడు ఎంత నేర్పరి అయినా నాయకత్వానికి పనికిరాడని భావించిన ఈ ఏర్పాటు అన్యాయమైనదేనని నేను స్పష్టంగా నమ్ముతున్నాను. అయితే ఆ అన్యాయపు ఏర్పాటు ద్వారా పదవిలోకి వచ్చిన బర్నెట్ దానితో ఏం చేశాడన్నది వేరే ప్రశ్న.

ఆయన స్థానిక క్లబ్బుల పోటీ అయిన బ్రాడ్‌ఫర్డ్ లీగ్‌లో ఆడినవాడు, యార్క్‌షైర్ రెండో జట్టుకు నాయకత్వం వహించి కుర్రాళ్లను దగ్గరగా చూసినవాడు. జట్టులో ప్రతిభకు లోటు లేకపోయినా, 1949లో మిడిల్‌సెక్స్‌తో కలిసి పంచుకున్న విజయం తర్వాత యార్క్‌షైర్‌కు మళ్లీ కౌంటీల మధ్య జరిగే ఛాంపియన్‌షిప్ దక్కలేదు. 1952 నుంచి మరో కౌంటీ అయిన సర్రే దాన్ని వరుసగా గెలుస్తూ వచ్చింది. పైగా యార్క్‌షైర్ డ్రెస్సింగ్ గదిలో సీనియర్ల మధ్య పొసగడం లేదన్నది అందరికీ తెలిసిన సంగతే.

[తెరపై: జానీ వార్డిల్ బౌలింగ్ దృశ్యం]

28 టెస్టుల్లో 102 వికెట్లు తీసిన ఎడమచేతి స్పిన్నర్ వార్డిల్‌కూ కొత్త కెప్టెన్‌కూ కుదరలేదు. 1958 జూలై చివరలో, ఆ సీజన్ తర్వాత వార్డిల్ సేవలు అవసరం లేదని కౌంటీ ప్రకటించింది. ఆయన వెంటనే డైలీ మెయిల్ పత్రికలో కెప్టెన్‌నూ కమిటీనీ విమర్శిస్తూ వ్యాసాలు వెలువరించడంతో, ఆస్ట్రేలియా పర్యటనకు అప్పటికే పంపిన ఆహ్వానాన్ని, ఆ రోజుల్లో ఇంగ్లండ్ జట్టు పర్యటనలను నిర్వహించే ఎంసీసీ క్లబ్ వెనక్కి తీసుకుంది. ఒక గొప్ప బౌలర్ అంతర్జాతీయ జీవితం అలా ముగిసిపోవడం బాధాకరం. జట్టు ఆ ఏడాది 11వ స్థానానికి పడిపోవడం చూసి, కెప్టెన్‌ను తప్పుపట్టినవారికి తమ వాదనకు ఆధారం దొరికినట్టే అయింది. సీజన్ ముగిశాక బాబ్ ఆపిల్‌యార్డ్, ఫ్రాంక్ లోసన్ కూడా జట్టుకు దూరమయ్యారు.

వారి స్థానాల్లో 1959లో కుర్రాళ్లు ఆడారు. వారిలో పలువురు రెండో జట్టు నాటి నుంచే బర్నెట్‌కు తెలిసినవారు, ఆయన మాటపై గురి ఉన్నవారు. సెప్టెంబర్ 1న హోవ్‌లో ససెక్స్‌పై చివరి రోజు, ఛాంపియన్‌షిప్ కోసం యార్క్‌షైర్ 105 నిమిషాల్లో 215 పరుగులు చేయవలసి వచ్చింది. పరిమిత ఓవర్ల ఆట ఇంకా కౌంటీలకు రాని కాలమది. అవతలి జట్టు ఎన్ని ఓవర్లు వేస్తే అన్నే ఆడడానికి దక్కేవి. అయినా బ్రయాన్ స్టాట్ 96, డగ్ పాడ్జెట్ 79 పరుగులు చేసి, ఇద్దరూ కలిసి గంటకు కాస్త అటూఇటూగా 141 పరుగులు జోడించారు. ఇంకా ఏడు నిమిషాలు మిగిలి ఉండగానే 28.3 ఓవర్లలో లక్ష్యం చేరింది. సర్రే ఏడేళ్ల వరుస విజయాలకు అక్కడితో తెరపడింది.

బర్నెట్ మొత్తం 54 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో ఒక్క శతకమూ చేయలేదు, 900 పరుగులు కూడా చేరలేదు. కేవలం బ్యాటింగ్‌ను చూసి ఎంపిక చేస్తే ఆయనకు ఆ జట్టులో చోటు లేదు. కానీ ట్రూమన్ వంటి మాట పడని మనిషిని కూడా కలుపుకొని, ఒకరి కోసం ఒకరు ఆడే జట్టును రెండేళ్లలో తయారు చేయడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

[తెరపై: విక్ విల్సన్ చిత్రం]

ఆ విజయంతోనే ఆయన తప్పుకొన్నాడు. 1960లో యార్క్‌షైర్ ప్రొఫెషనల్ అయిన విక్ విల్సన్‌ను కెప్టెన్‌గా నియమించింది. ఆయన నాయకత్వంలో ఆ ఏడాదీ, మళ్లీ 1962లోనూ ఛాంపియన్‌గా నిలిచింది. 1963 సీజన్ నాటికి అమెచ్యూర్, ప్రొఫెషనల్ అన్న తేడాయే రద్దయింది. ఆ ఏడాది పగ్గాలు అందుకున్న బ్రయాన్ క్లోజ్, 1959లో బర్నెట్ జట్టు సభ్యుడే.