బర్న్ చేసిన ఆడియో సీడీ ప్లేయర్‌లో పాడకపోతే ఏం చూడాలి?

నమస్కారం. నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గరలో ఉన్న మా చిన్న కంప్యూటర్ దుకాణం నుంచి మాట్లాడుతున్నాను. పాత క్యాసెట్లలో, ఫోన్లలో ఉన్న పాటలను ఆడియో సీడీలుగా రాసి ఇవ్వడం, అంటే బర్న్ చేయడం, మా దగ్గర ఇప్పటికీ సాగుతున్న పని. ఆ పనిలో ఎదురయ్యే ఇబ్బందులను ఎలా కనిపెట్టాలో, ఎలా సరిచేయాలో ఈ వీడియోలో చూపిస్తాను. అందుకు నా చేతిలో ఉన్న ఈ డిస్క్‌నే తీసుకుందాం.

దేవరకొండ వైపు ఒక ఊరి నుంచి వచ్చిన ఒక అక్క దీన్ని పోయిన వారం తెచ్చారు. ఇందులో వారి అమ్మ పాడిన బతుకమ్మ పాటలు 14 ఉన్నాయి. ఆ పెద్దమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. ఫోన్‌లో పాట వెతుక్కోవడం ఆమె వల్ల కాదు కానీ, ఇంట్లో ఉన్న పాత సీడీ ప్లేయర్ బటన్ ఎక్కడుందో ఆమె వేళ్లకు బాగా తెలుసు. అందుకని ఆ అక్క వేరే చోట ఈ సీడీ రాయించుకున్నారు. అక్కడి కంప్యూటర్‌లో పాట చక్కగా వినిపించింది. ఇంటికి తీసుకుపోయి ప్లేయర్‌లో పెడితే మాత్రం డిస్క్ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. "డిస్కే ఖరాబయింది కావచ్చు తమ్మీ" అన్నారు. "ఉండక్కా, ముందు ఇందులో ఏం రాశారో చూద్దాం" అన్నాను.

మీరు కూడా ముందు చేయవలసింది ఇదే. డిస్క్‌ను కంప్యూటర్‌లో పెట్టి, పాడించకుండా, ఫోల్డర్‌లాగా తెరవండి. ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి: చాలా ఫైళ్ల పేర్ల చివర ఎంపీ3 అని ఉంది, అంటే శబ్దాన్ని నొక్కి చిన్నది చేసిన ఫైళ్లు. కాబట్టి ఇది ఆడియో సీడీ కాదు, ఫైళ్లను ఫైళ్లుగానే రాసిన డేటా సీడీ. కంప్యూటర్‌కు రెండూ ఒకటే, దేన్నయినా పాడించగలదు. పాత ప్లేయర్‌కు మాత్రం ఎంపీ3 అంటే ఏమిటో తెలియదు. ఫిలిప్స్, సోనీ కంపెనీలు కలిసి 1980లో రాసిన రెడ్ బుక్ అనే ప్రమాణం ప్రకారం, సెకనుకు 44,100 నమూనాల చొప్పున, 16 బిట్లతో, రెండు ఛానెళ్లుగా పరచిన శబ్దాన్ని మాత్రమే అది చదవగలదు. అదే సరైన ఆడియో సీడీని విండోస్‌లో తెరిస్తే ట్రాక్01, ట్రాక్02 అనే పేర్లతో, చివర సీడీఏ అని ఉండే ఫైళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటి 44 బైట్లే ఉంటుంది. అవి పాటలు కావు, పాట డిస్క్ మీద ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తులు మాత్రమే. కొందరు వాటిని డెస్క్‌టాప్ మీదకు కాపీ చేసుకుని, వాటినే ఇంకో సీడీకి రాయబోయి, పాట ఎందుకు రాలేదని వాపోతుంటారు. ఆడియో సీడీ నుంచి పాట కావాలంటే రిప్ చేసుకోవాలి, అంటే సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మీది శబ్దాన్ని ఫైలుగా మార్చుకోవాలి, కాపీ చేస్తే రాదు.

కాబట్టి మళ్లీ రాద్దాం. విండోస్ మీడియా ప్లేయర్‌లో, కొత్త విండోస్ అయితే లెగసీ అనే మాట చేర్చి ఉన్న పాత ప్లేయర్‌లో, కుడివైపు బర్న్ అనే ట్యాబ్ తెరవండి. దాని కింద మూలన చిన్న టిక్కు గుర్తు ఉన్న బొమ్మను నొక్కితే ఆడియో సీడీయా, డేటా సీడీయా అన్న ఎంపిక వస్తుంది. ఆడియో సీడీని ఎంచుకోండి. మా దుకాణానికి పాడని సీడీతో వచ్చేవారిలో ఎక్కువ మంది సమస్య ఈ ఒక్క ఎంపికతోనే తీరిపోతుంది.

డ్రైవ్‌లో పెట్టే డిస్క్ కూడా సీడీ-ఆర్, అంటే ఒక్కసారే రాయగల ఖాళీ సీడీ, అయి ఉండాలి. చూడటానికి ఒకేలా ఉన్నా డీవీడీ ఖాళీ డిస్క్ మీద ఆడియో సీడీ రాయడం కుదరదు. చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ మీద రాయవచ్చు గానీ, అది లేజర్ వెలుగును మామూలు సీడీ కంటే చాలా తక్కువగా తిప్పి పంపుతుంది కాబట్టి పాత ప్లేయర్లు దాన్ని గుర్తు పట్టలేవు. పెద్దవాళ్ల ఇంట్లో ప్లేయర్ కోసమైతే డబ్బు మిగులుతుందని ఆర్‌డబ్ల్యూ వైపు వెళ్లవద్దని నా మాట.

ఇప్పుడు 14 పాటలూ జాబితాలోకి లాగుతున్నాను. అసలు ఫైళ్లు అన్నీ కలిపినా 80 ఎంబీ దాటలేదు, డిస్క్ మీద 700 ఎంబీ అని రాసి ఉంది. అయినా మీడియా ప్లేయర్ ఒకే డిస్క్‌లో పట్టవని చెప్పి, రెండో డిస్క్ అడుగుతోంది. ఇందులో దాని తప్పేమీ లేదు. ఆడియో సీడీలో స్థలాన్ని కొలిచేది నిమిషాలతో, ఎంబీలతో కాదు. ఎంపీ3లో నొక్కి పెట్టిన శబ్దాన్ని రాసే ముందు విప్పి పరచవలసి ఉంటుంది కనుక, ఒక్కో నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది. మామూలు డిస్క్‌లో పట్టేది 80 నిమిషాలు, పాతవాటిలో 74. బతుకమ్మ పాట "ఉయ్యాలో" అంటూ ఒక పట్టాన ముగియదు కదా, ఒక్కొక్కటి ఆరు నిమిషాల చొప్పున మొత్తం 84 నిమిషాలయింది. నేను ఆ అక్కకు ఫోన్ చేసి ఏ పాట తీసేయమంటారని అడిగితే, ఒక్కటీ తీయవద్దన్నారు. నాకూ అదే సరి అనిపించింది. పాటలను కత్తిరించి ఇరికించడం కంటే ఏడేసి పాటలుగా రెండు డిస్కులు చేయడం మేలు.

వాటిలో రెండు పాటలు మొదట జాబితాలోకి ఎక్కనే లేదు, మార్చాకే ఎక్కాయి. ఆ రెండూ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా వచ్చినవి. అవి ఓపస్ అనే పద్ధతిలో ఉంటాయి, బర్న్ చేసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాటిని తీసుకోవు. వీటిని ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే శబ్దం సవరించే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అని ఎంచుకుని, వేవ్ ఫైలుగా ఎగుమతి చేయాలి. మీ ఆడాసిటీ పాతదైతే ఓపస్ తెరవడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే భాగాన్ని అదనంగా పెట్టుకోవలసి వస్తుంది. ఈ పని చేస్తున్నప్పుడే హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్రతి పాటనూ చివరిదాకా వినండి. ఫైలులోనే చిటపటలు ఉంటే ఎంత మంచి డిస్క్ మీద రాసినా అవి పోవు, పైగా మీరు డ్రైవ్‌ను అనుమానిస్తూ నాలుగు డిస్కులు వృథా చేస్తారు.

ఇక వేగం. బర్న్ ఆప్షన్లలో వేగం మొదట అన్నిటికంటే ఎక్కువగా ఉంటుంది. పాట మామూలుగా పాడే వేగానికి 52 రెట్ల వేగంలో డిస్క్ నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. చౌకరకం డిస్క్ ఆ వేగంలో వణుకుతుంది, లేజర్ చేసే గుర్తులు అంచుల దగ్గర స్పష్టంగా పడవు. కంప్యూటర్ డ్రైవ్ వాటిని ఎలాగో సర్దుకుని చదివినా, ఇంట్లో ప్లేయర్ తడబడుతుంది. డిస్క్ లోపలి వైపు నుంచి అంచుకు రాసుకుంటూ పోతుంది కాబట్టి, మొదటి పాటలు బాగుండి చివరి పాటల్లో టక్కుటక్కుమనే శబ్దం వస్తే ముందుగా వేగాన్నే అనుమానించాలి. అలాగని అన్నిటికంటే తక్కువకు దించనవసరం లేదు, ఇప్పటి డిస్కుల రంగు పూత అంత నిదానానికి తయారు చేసింది కాదు. నేను 16 రెట్ల దగ్గర పెడతాను. నిండు డిస్క్‌కు ఐదారు నిమిషాలు పడుతుంది. మీడియా ప్లేయర్‌లో అంకెలు కనిపించవు, అక్కడ మీడియం ఎంచుకుంటే చాలు.

ఇప్పుడు ఇంకో డిస్క్‌ను ట్యూబ్‌లైట్ కింద ఇలా వంచి పట్టుకుంటున్నాను, కెమెరాకు దగ్గరగా చూడండి. మధ్య రంధ్రం చుట్టూ కొంతమేర రంగు ముదురుగా ఉంది, అక్కడి నుంచి బయటికి లేతగా ఉంది. రెంటి మధ్య గీత గీసినట్టు అంచు కనిపిస్తోంది కదా. ముదురుగా ఉన్నంతవరకే రాత పడింది. ఇది నేను రెండోసారి ప్రయత్నించినప్పుడు మధ్యలో ఆగిపోయిన డిస్క్. ఆ రోజు యూఎస్‌బీ డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా పెట్టకుండా నాలుగు రంధ్రాల హబ్‌కు తగిలించాను. రాసేటప్పుడు లేజర్‌కు కరెంటు ఎక్కువ కావాలి, అది అందలేదు. డ్రైవ్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు, డెస్క్‌టాప్ అయితే వెనుక వైపు పోర్టుకు తగిలించండి. కంప్యూటర్ నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చండి. కరెంటు పోయి వచ్చే వేళల్లో ఇన్వర్టర్ మీద తప్ప రాయడం మొదలుపెట్టవద్దు. ఒకసారి సగంలో ఆగిన సీడీ-ఆర్ మళ్లీ పనికి రాదు.

అంతా పూర్తయ్యాక కూడా ప్లేయర్ గుర్తు పట్టకపోతే, డిస్క్‌ను ఫైనలైజ్ చేశారో లేదో చూడండి. చివర విషయ సూచిక రాసి డిస్క్‌ను మూసివేయడమే ఫైనలైజ్. మీడియా ప్లేయర్ ఆ పని తానే చేస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్లలో ఆ గడిలో టిక్కు పెట్టవలసి ఉండవచ్చు. పాటకూ పాటకూ మధ్య రెండు సెకన్ల నిశ్శబ్దం వద్దనుకుంటే, గ్యాప్ లేకుండా అనే ఎంపిక కూడా బర్న్ ఆప్షన్లలోనే ఉంటుంది.

డిస్క్ మీద పేరు రాసేటప్పుడు బాల్‌పెన్ను వాడకండి. రాత ఉన్న పొర నిజానికి కిందివైపు కాదు, పేరు రాసే పైవైపుకే చాలా దగ్గరగా, పలుచని పూత కింద ఉంటుంది. కిందివైపు గీత పడితే తుడిచి కాపాడుకునే అవకాశం ఉంది, పైవైపు గీసుకుపోతే పాట పోయినట్టే. మెత్తని మొన ఉన్న మార్కర్‌తో, మధ్యన ఉన్న పారదర్శక వలయం మీద రాయడం అన్నిటికంటే క్షేమం. తుడవాలంటే గుండ్రంగా రుద్దకుండా, మధ్య నుంచి అంచు వైపు నేరుగా తుడవండి. మన నల్గొండ ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదిలి పెట్టవద్దు, వంగిపోయిన డిస్క్‌ను ఏ ప్లేయరూ పట్టుకోలేదు.

ఆ అక్క వాళ్ల ఇంటి ప్లేయర్‌ను కూడా వెంట తీసుకురమ్మని చెప్పాను. అదిగో, బల్ల మీద ఉన్నది అదే. మూత తీసి, లెన్స్ మీద పేరుకున్న దుమ్మును గాలి బల్బుతో ఊదాను. ఇప్పుడే రాసిన మొదటి డిస్క్‌ను పెడుతున్నాను. తెర మీద 7 అనే అంకె వచ్చింది, అంటే ఏడు పాటలనూ గుర్తించింది. చివరి పాట నుంచే మొదలు పెడతాను, ఎందుకంటే తప్పు ఉంటే అక్కడే బయటపడుతుంది. బటన్ నొక్కుతున్నాను, వినండి.